అటూఇటూ పోగులు

జూన్ 3, సోమవారం

పక్కగదిలో కూర్చునే రెండో కన్ను శుక్రవారం వెళ్ళిపోయారు. ఆ సంగతి రాయడానికి ఈ డైరీ తెరవలేదు. సొరుగు సర్దుతుంటే దొరికింది. ఏడాదిలో ఐదు నెలలు గడిచినా ఒక్క పేజీ వాడలేదు, పారెయ్యబుద్ధి కాలేదు. అంతే.

ఈ రోజు మైక్రోస్కోపు కింద పద్దెనిమిది స్లైడ్లు లెక్కపెట్టాను. పక్కగదిలో ఎవరూ లేరు కాబట్టి ప్రశాంతంగా ఉంది. ప్రశాంతంగా ఉంటే పని ఎక్కువ జరగాలి. మామూలుగా ఇరవై నాలుగు చేసేదాన్ని.

జూన్ 4

పదిహేడు.

జూన్ 6, గురువారం

అత్తయ్య మళ్ళీ అడిగారు, "ఇంతకీ ఆ పందుల్లో నువ్వు లెక్కపెట్టేదేమిటే?" అని. ఈ ఇంటికొచ్చి పదిహేనేళ్ళు. వాళ్ళబ్బాయి పోయి పదకొండేళ్ళు. మేమిద్దరమే మిగిలాం. ఏడాదికి రెండుసార్లైనా ఈ ప్రశ్న అడుగుతారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి కదా, ఎదుటివాళ్ళు చెప్పేది వినరు, గొంతు వింటారు.

మళ్ళీ చెప్పాను. పంది వీపు కండలోంచి చిన్న ముక్క తీసి, గడ్డకట్టించి, వెంట్రుక కన్నా పల్చగా కోసి రంగు వేస్తే కండపోగులు కనిపిస్తాయి, కట్టకట్టిన పుల్లల్ని అడ్డంగా కోసినట్టు. ముదురుగా ఉన్నవి ఎర్రపోగులు. నిదానంగా పనిచేస్తాయి, అలిసిపోవు. పాలిపోయినవి తెల్లపోగులు. ఒక్క ఉదుటున పనిచేసి చతికిలబడతాయి. ఒక్కో స్లైడులో మూడు వందల పోగులు చూసి ఎర్రవెన్నో తెల్లవెన్నో రాస్తాను.

"రాస్తే ఏమవుతుంది?"

మా సంస్థలో రెండు వంశాల పందులున్నాయి. తెల్ల వంశం గబగబా బరువెక్కుతుంది. కానీ వాటిలో కొన్నిటికి తల్లి నుంచో తండ్రి నుంచో భయపు జన్యువు వస్తుంది, ఇద్దరి నుంచీ వచ్చిందా ఇక చెప్పక్కర్లేదు. లారీ ఎక్కిస్తుంటేనే ఒళ్ళు కాలిపోయి పడిపోతాయి, వాటి మాంసం పాలిపోయి నీళ్ళు కారుతుంది. నల్ల వంశానికి ఆ బాధ లేదు. ఎర్రపోగులు ఎక్కువ, మాంసం రంగు నిలుస్తుంది, నీరు వదలదు. పెరగడం మాత్రం ఆలస్యం. ఆడవి నలభై మిగిలాయి. ఎర్రపోగు గుణం ఫలానా జన్యువు వల్ల తరతరాలకూ దిగుతోందని మా లెక్కలో తేలితే ఆ వంశాన్ని ఉంచుతారు. తేలకపోతే సెప్టెంబరు కమిటీ తర్వాత వాటిని అమ్మేసి పాకలు ఖాళీ చేస్తారు.

"అంటే నలభైమంది ఆడవాళ్ళ బతుకు నీ కళ్ళ మీదుందన్నమాట," అన్నారు.

"నా ఒక్కదాని మీదేం కాదు, రెండో కన్ను కూడా..." అని ఆగాను.

"ఆగావేం?"

"ఆయన బదిలీ అయి వెళ్ళిపోయారు కదా."

"ఊఁ," అన్నారు అత్తయ్య. ఆ ఊఁ నాకు నచ్చలేదు.

జూన్ 8, శనివారం

మూడేళ్ళలో మొదటిసారి శనివారం కవర్లు లేవు.

మా పద్ధతి ఇది. ఒకే స్లైడును ఇద్దరు చూడాలి. మొదటి కన్ను నేను, రెండో కన్ను ఆయన. సంస్థలో అందరూ అలాగే పిలుస్తారు, ఆఖరికి సెలవు చీటీ మీద కూడా గుమాస్తా ఒకసారి అలాగే రాశాడు. వేరు వేరు గదులు, మధ్యలో ప్లైవుడ్ గోడ. స్లైడు ఏ పందిదో మాకు తెలియదు, నంబరే ఉంటుంది. పొద్దున్న ఒక ట్రే నేను, ఇంకో ట్రే ఆయన. మధ్యాహ్నం మార్చుకుంటాం. స్లైడ్ల గురించి ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. ఎవరి లెక్క వాళ్ళు కవరులో పెట్టి అంటించాలి. శనివారం నాలుగింటికి, ఈ పరిశోధన నడిపే పెద్ద మేడం ముందు ఇద్దరివీ తెరవాలి. తేడా పది దాటితే మళ్ళీ లెక్కపెట్టాలి.

మొదటి ఏడాది సగానికి సగం స్లైడ్లు వెనక్కొచ్చేవి. నిరుడు డిసెంబరు నుంచి ఒక్కటీ రాలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ మేడం మమ్మల్ని చూపించి, "నాలుగు కళ్ళు కావు వీళ్ళవి, రెండే," అనేవారు. ఆయన నేల చూపులు చూసేవారు. నేను టీ కప్పులు సర్దేదాన్ని.

ఈ రోజు నాలుగింటికి నా కవరు నేనే తెరిచి, నా లెక్క నేనే చదువుకుని, ఇంటికొచ్చేశాను.

జూన్ 11, మంగళవారం

ఆయన బదిలీ అడిగి మరీ వెళ్ళారట. ఆరు గంటల రైలు ప్రయాణం దూరంలో ఉన్న కేంద్రానికి, దాణా విభాగానికి. గుమాస్తా ఫైలు చూసి చెప్పాడు. ఏప్రిల్లో మేడం దగ్గరికెళ్ళి "నా కన్ను పాడైందండీ, నన్ను ఈ పని నుంచి తప్పించండి" అన్నారట.

కన్ను సంగతి అందరికీ తెలుసు. మే నెలంతా ఆఫీసులో అదే గోల. గుమాస్తా తన డాక్టరు చీటీ తెచ్చిచ్చాడు, పాకల మేస్త్రీ ఏదో చుక్కల మందు చెప్పాడు. నేను రోజుకు నాలుగుసార్లు చల్లటి నీళ్ళు కొట్టుకోమన్నాను. "అలాగేనండీ," అన్నారు. బదిలీ అడిగారని మాత్రం నాకు చెప్పలేదు. పక్కగదిలో ఉండి. చెప్పాల్సిన అవసరం లేదనుకోండి. నేనెవర్ని?

అనుకోండి అని ఎవరితో అంటున్నాను? ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు.

జూన్ 13, గురువారం

కొత్త రెండో కన్ను వచ్చాడు. విత్తనాల విభాగంలో ఇరవై రెండేళ్ళు మొలకలు లెక్కపెట్టాడట. యాభై దాటిన మనిషి, ఈల వేసుకుంటూ లెక్కపెడతాడు. "మొలకయితే వచ్చిందా లేదా అని తేలిపోతుందమ్మా. ఇక్కడ కొన్ని అటూ కావు, ఇటూ కావు. వాటినేం చెయ్యను?" అన్నాడు.

అక్కడే ఉంది చిక్కంతా. మూడు వందల్లో ముప్పై పోగులైనా అటూఇటూ ఉంటాయి, ముదురూ కాదు, పాలిపోయినవీ కాదు, మసక. మా దగ్గర నొక్కితే ఒక అంకె పెరిగే క్లిక్కర్లు రెండే. ఎడమ బొటనవేలితో ఎర్ర, కుడి బొటనవేలితో తెల్ల. మూడో చెయ్యి లేదు. ఏదో ఒక వేలు నొక్కి తీరాలి.

"మీ కంటికేమనిపిస్తే అదే," అన్నాను. మూడేళ్ళ క్రితం మేడం నాకు చెప్పిన మాటే.

జూన్ 15, శనివారం

కవర్లు తెరిచాం. మొదటి స్లైడులో నావి ఎర్రవి అరవై ఎనిమిది, అతనివి తొంభై మూడు. రెండోది అంతే. మూడోది అంతే. పద్నాలుగు స్లైడ్లు వెనక్కి.

"కొత్త కదా, కుదురుకుంటాడు," అన్నాను మేడంతో. నా కన్ను నిక్కచ్చిది. మూడేళ్ళుగా ఇదే పని.

జూన్ 19

ట్రే అయిపోతే ఆయన గోడ మీద రెండుసార్లు తట్టేవారు. మార్చుకుందామా అని. ఈ రోజు విత్తనాలాయన కూడా తట్టాడు. చేతిలో స్లైడు జారి పగిలింది.

జూన్ 22, శనివారం

పంతొమ్మిది వెనక్కి.

జూన్ 26, బుధవారం

పాకలకు వెళ్ళాను, చెవి ముక్కలు తేవడానికి. జన్యువు చూడ్డానికి అవే పంపుతారు. నల్లవాటిలో ఒక ముసలిది ఉంది, మేస్త్రీ దాన్ని పెద్దమ్మ అంటాడు. తొమ్మిది ఈతలు ఈనింది. తడిక దగ్గరికొచ్చి నా చెప్పు వాసన చూసి, గుర్రుమని పక్కనే పడుకుంది. పక్క పాకలో తెల్లవి నా అడుగుల చప్పుడుకే మూలకు తోసుకున్నాయి. రెండూ ఒకే దాణా తింటాయి, ఒకే నీళ్ళు తాగుతాయి. పుట్టుకతో వచ్చింది కొంత, భయం కొంత.

నేను ఏ వంశమో చెప్పడానికి చెవి ముక్క అక్కర్లేదు. మూడేళ్ళు ఒక మనిషి గోడ అవతల కూర్చుంటే స్లైడ్ల గురించి మాట్లాడకూడదన్న నియమాన్ని పట్టుకుని దేని గురించీ మాట్లాడలేదు. స్లైడ్లు కాక లోకంలో చాలా ఉన్నాయి కదా.

జూలై 1, సోమవారం

మేడం తేల్చేశారు. ఎవరి కన్ను సరైందో తెలియాలి కాబట్టి మొదటి ఏడాది స్లైడ్లు ఇరవై తీసి, పాత కాగితాలు చూడకుండా నన్ను మళ్ళీ లెక్కపెట్టమన్నారు. "నీ పాత లెక్కతో నీ కొత్త లెక్క కలిస్తే అతనికి శిక్షణ ఇద్దాం," అన్నారు.

కలుస్తుంది. కలవక ఎక్కడికి పోతుంది?

జూలై 5, శుక్రవారం

కలవలేదు.

జూలై 6, శనివారం

ఇరవై స్లైడ్లలోనూ నావి తగ్గాయి. అప్పుడు తొంభై చూసిన చోట ఇప్పుడు అరవై ఐదు చూస్తున్నాను. మేడం అవే స్లైడ్లు విత్తనాలాయనకూ ఇచ్చారు, అతని లెక్క నా పాత లెక్కకు సరిగ్గా సరిపోయింది. అంటే కొత్తవాడి కన్ను మంచిదే. పాడైంది నాది.

"రంగు వెలిసి ఉంటుంది మేడం," అన్నాను. వెలిసిన స్లైడు ఎలా ఉంటుందో నాకు తెలుసు, మేడంకీ తెలుసు.

జూలై 7, ఆదివారం

రాసుకుంటాను. ఎవరు చూడొచ్చారు?

ఆయన ఎడమ క్లిక్కరు స్ప్రింగు బిగుతు. నొక్కితే కిచ్ మంటుంది. కుడిది టక్ మంటుంది. ప్లైవుడ్ గోడ కదా, అన్నీ వినిపిస్తాయి. టక్ టక్ కిచ్ టక్, తర్వాత ఆగుతారు. ఆగారంటే మసక పోగు దగ్గరున్నారని అర్థం. నేనూ ఆగేదాన్ని. ఆయన వేరే స్లైడు చూస్తున్నారు, నేను వేరేది, అయినా ఆగేదాన్ని. కాసేపటికి టక్. తెల్ల. మసకవి ఎప్పుడూ తెల్లలోకే వేసేవారు. నేను ఎప్పుడూ ఎర్రలోకి వేసేదాన్ని. మొదటి ఏడాది శనివారాలు అందుకే అంత గొడవ.

ఒక శనివారం తొమ్మిది స్లైడ్లు వరసగా కలిశాయి. ఆయన నవ్వారు. పెద్దగా కాదు, ముక్కుతో. అంతకు ముందు నేను ఆ నవ్వు చూడలేదు. తర్వాతి వారం మసక పోగు రాగానే నా కుడి వేలు కదిలింది. నేను కదపలేదు అని రాయబోయాను. కదిపాను. ఆయనైతే ఎటు వేస్తారో అటు వేశాను, మళ్ళీ ఆ నవ్వు చూద్దామని. తర్వాత కదపక్కర్లేకపోయింది, అదే వెళ్ళేది.

నలభై పందుల బతుకు, మూడేళ్ళ పని, ఆయన ముక్కుతో నవ్వే ఒక నవ్వు కోసం ఖర్చుపెట్టాను.

జూలై 12

ఫోను తీశాను. ఆయన నంబరు నొక్కాను. మోగకముందే పెట్టేశాను. అత్తయ్య పక్కగదిలోంచి, "లైను కలవలేదా, కలవనివ్వలేదా?" అన్నారు.

జూలై 20, శనివారం

ఈ రోజు జరిగింది వరసగా రాయాలి, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

మేడం గదికి పిలిచి తలుపు వేశారు. బల్ల మీద ఒక గ్రాఫు. "నెల నెలా ట్రేలో ఒక స్లైడు కొత్త నంబరుతో మళ్ళీ పెట్టేదాన్ని. మూడేళ్ళుగా అదే స్లైడు. మీకెవరికీ చెప్పలేదు. కళ్ళు దారి తప్పుతున్నాయేమో చూడ్డానికి అలా పెడతారు. మీ కవర్లు అంత బాగా కలుస్తుంటే చూడాల్సిన పనేముందిలే అనుకున్నాను. తప్పు నాదే. నిన్ననే లెక్క తీశాను," అన్నారు.

ఎర్రగీత నాది. మొదటి నెల తొంభై రెండు. అక్కడినుంచి మెల్లగా దిగుతూ వచ్చింది. అది నాకు తెలిసిందే, గుండె గట్టి చేసుకున్నాను.

నీలంగీత ఆయనది. మొదటి నెల అరవై. అది అలాగే ఉండాలి. లేదు. అరవై రెండు, అరవై ఐదు, అరవై తొమ్మిది, మెల్లగా ఎక్కుతూ వచ్చింది. నిరుడు డిసెంబరులో డెబ్భై ఆరు దగ్గర రెండు గీతలూ కలిశాయి. అక్కడినుంచి మే దాకా పక్కపక్కనే నడిచాయి.

ఆయన నా వైపు వస్తున్నారు. నేను ఆయన వైపు వెళ్తున్న రోజులన్నీ, గోడ అవతల, ఆయన నా వైపు వస్తున్నారు.

పరువు పోయింది, మూడేళ్ళ పని పోయింది, నేను ఆ కాగితం చూసి నవ్వాను. మేడం నా ముఖం చూసి, "ఇందులో నవ్వడానికేముందమ్మా?" అన్నారు. తర్వాత గీత చివర వేలు పెట్టారు. "జూన్, జూలైలో కూడా పెట్టాను. డెబ్భై ఒకటి, అరవై ఐదు. అతను వెళ్ళిపోయాక కూడా నీది దిగుతూనే ఉందేం?"

అవతల చప్పుడు లేకపోయేసరికి ఆయనెలా చూసేవారో గుర్తు చేసుకుంటూ లెక్కపెట్టానని ఎలా చెప్పను? అలా ఆయన చూపును పోగొట్టుకోకుండా ఉంచుకున్నాను. నాకు ఉన్నది అదొక్కటే.

జూలై 22, సోమవారం

మేడం దారి చూపించారు. ఒక్క వాక్యం. "రంగు నాణ్యతలో మార్పుల వల్ల పరిశీలకుల లెక్కల్లో స్వల్ప తేడాలు వచ్చాయి." కింద నా సంతకం, ఆయన సంతకం. కమిటీలో గ్రాఫులు అడిగి చూసేవాళ్ళెవరూ లేరు. నివేదిక వెళ్తుంది, నల్ల వంశం నిలుస్తుంది.

"నేను ఇరవై ఏళ్ళుగా ఆ వంశాన్ని కాపాడుకొస్తున్నాను," అన్నారు మేడం. ఆమె కళ్ళల్లో నీళ్ళు. "అబద్ధం చెప్పమనడం లేదు. ఒక్క వాక్యం, అంతే."

ఆయన సంతకం నేనే తేవాలట.

జూలై 25, గురువారం

మూడు రోజులుగా కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. సంతకం పెడితే పెద్దమ్మా తక్కినవీ బతుకుతాయి. సంతకం పెడితే ఆ నీలంగీత ఎక్కింది రంగు వెలిసినందుకే అవుతుంది. రెండేళ్ళుగా నాకోసం ఏమీ జరగలేదని నా చేత్తో నేనే రాసి ఇవ్వాలి.

ఒకవేళ నిజంగా రంగేనేమో. ఒకవేళ ఆయనకు నిజంగా కన్నే పాడైందేమో. మనుషులకు కళ్ళు పాడవుతాయి.

జూలై 27, శనివారం

అత్తయ్య నా చేతిలోంచి ఫోను లాక్కుని నంబరు నొక్కి, అటునుంచి గొంతు వినగానే ఎక్స్ఛేంజీ గొంతుతో, "లైన్లో ఉండండి, మాట్లాడతారు," అని నా చేతిలో పెట్టి వంటగదిలోకి వెళ్ళారు. తలుపు మాత్రం వెయ్యలేదు.

వాక్యం చదివి వినిపించాను.

"నేను పెట్టనండీ," అన్నారు. "రంగు వెలిస్తే ఇద్దరి లెక్కా ఒకవైపే వెళ్తుంది. మీది దిగి నాది ఎక్కదు కదా."

"మీకెలా తెలుసు?"

"మేడం గ్రాఫు పంపారు." ఆగారు. ఆ ఆగడం నాకు బాగా తెలిసినదే. "కన్ను పాడైందని నేను అబద్ధం చెప్పలేదండీ. మసక పోగు రాగానే గోడ అవతల మీరైతే ఏది నొక్కుతారో నేను ఇవతల అది నొక్కుతున్నాను. ఏడాది పైనే. శనివారం శనివారం కవర్లు కలిసిపోతుంటే అందరికీ సంబరం, నాకు దడ. మీరు మీ కన్నుతోనే చూస్తున్నారనుకున్నాను. నా ఒక్కడికే పాడైందనుకున్నాను. నావల్ల మీ లెక్క కూడా పాడవుతుందని వెళ్ళిపోయాను."

"ఒక్క మాట చెప్పి వెళ్ళకూడదా?"

"ఏమని చెప్పను? చల్లటి నీళ్ళు కొట్టుకోమన్నారు మీరు."

ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఫోను పెట్టేశాక వంటగదిలోంచి గిన్నెల చప్పుడు మొదలైంది. అప్పటిదాకా లేదు.

జూలై 29, సోమవారం

మేడంకు ఒక పేజీ రాసిచ్చాను. ఇద్దరు పరిశీలకులూ ఒకరినొకరు అనుకరించారని, మూడేళ్ళ లెక్క నమ్మదగింది కాదని, తప్పు నాదేనని. చదివి సొరుగులో పడేసి, "వెళ్ళమ్మా," అన్నారు.

జూలై 31

మేడం నాతో మాట్లాడటం లేదు.

ఆగస్టు 2, శుక్రవారం

ఈ రోజు పిలిచారు. ముఖం పీక్కుపోయి ఉంది. నా పేజీని కమిటీకి పంపేశారు. విత్తనాలాయన, పక్క సంస్థ నుంచి వచ్చే ఇంకొకావిడ కలిసి వంద స్లైడ్లు కొత్తగా లెక్కపెడతారు. అందులో జన్యువు ప్రభావం కనబడితే కమిటీ ఇంకో ఆర్నెల్లు గడువిస్తుంది. కనబడకపోతే పాకలు ఖాళీ. ఈ నెల ఇరవై నాలుగున నేనూ ఆయనా ఆ మళ్ళీ మళ్ళీ పెట్టిన స్లైడును వేరు వేరు గదుల్లో ఆఖరిసారి లెక్కపెట్టాలి, రికార్డు కోసం.

నన్ను మైక్రోస్కోపు నుంచి తీసి తూకం గదిలో వేశారు. మాంసం ముక్క సంచిలో వేలాడదీసి, మర్నాటికి ఎంత నీరు కారిందో తూచాలి. త్రాసుకు ఎవరి మీదా ఇష్టం ఉండదు కాబట్టి నన్ను నమ్మారు.

ఆగస్టు 9

తూకం గది పాకల వైపు ఉంది. ఒంటిగంటకు దాణా వేస్తారు. ఇప్పుడు దాణా బస్తా మీద ఆయన వెళ్ళిన కేంద్రం ముద్ర చూసి కూడా ఆగుతున్నాను. ఆ చేత్తో జల్లించిన దాణానేమో. నాకు నలభై మూడేళ్ళు.

ఆగస్టు 14

అత్తయ్య అడిగారు. చుట్టూ తిప్పకుండా అడిగారు. "వెళ్ళిపోతావా?"

"ఎక్కడికి?"

"నీళ్ళు నమలకు. నువ్వు వెళ్తే నేనెక్కడుండాలి? అది చెప్పు ముందు."

ఆవిడకు డెబ్భై ఒకటి. వాళ్ళబ్బాయి పోయిన రోజు నా చెయ్యి పట్టుకున్న మనిషి. ఆయన ఏమీ అడగలేదు, నేను ఏమీ ఒప్పుకోలేదు, ఇంట్లో అప్పుడే ఒకరు దిక్కులేనివాళ్ళైపోయారు. నాకు కావాలి అనుకుంటేనే ఎవరికో ఒకరికి తక్కువవుతుంది.

అయినా కావాలి.

ఆగస్టు 22, గురువారం

మేడం ఈ రోజు కోడ్లు విప్పారు. ఏ స్లైడు ఏ పందిదో, దానిలో ఏ జన్యువుందో. కొత్తవాళ్ళ వంద స్లైడ్లలో తేడా స్పష్టంగా ఉంది. నల్ల వంశం నుంచి ఆ జన్యువు రెండు వైపులా వచ్చిన పందుల్లో ఎర్రపోగులు ఎక్కువ, ఒకవైపే వచ్చినవాటిలో మధ్యస్థంగా, రానివాటిలో తక్కువ. నా తూకంలో కూడా అంతే, ఎర్రపోగులు ఎక్కువైతే నీరు తక్కువ కారింది.

చిత్రమేమిటంటే మా పాడైన లెక్కల్లో కూడా అదే తేడా ఉంది. ఏ స్లైడు ఎవరిదో మాకు తెలియదు కాబట్టి మా పిచ్చి అన్నిటికీ సమానంగా అంటింది. ఆర్నెల్ల గడువు వచ్చినట్టే. మేడం ఈ విషయం చెప్పి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆ వాక్యం మీద సంతకం పెట్టి ఉంటే నాకు నిద్ర పట్టేది కాదు," అన్నారు.

ఎల్లుండి ఇరవై నాలుగు.

ఆగస్టు 24, శనివారం

ఆయన చిక్కిపోయారు. చొక్కా మీద దాణా పొడి. అందరి ముందూ "బాగున్నారా?" అన్నారు, "బాగున్నానండీ," అన్నాను. మూడు నెలలుగా నోట్లో దాచుకున్న మాటలన్నీ అక్కడే ఉండిపోయాయి.

పాత గదులే. పాత గోడే. క్లిక్కర్లు మాత్రం మేడం కొత్తవి తెప్పించారు, చప్పుడు రానివి. స్లైడు ముందు నాకిచ్చారు, తర్వాత ఆయనకు.

నిజాయితీగా లెక్కపెట్టాలనుకున్నాను. నా మొదటి కన్నుతో, తొంభై రెండు చూసిన కన్నుతో. ఎంత ప్రయత్నించినా మసక పోగులు తెల్లగానే కనబడ్డాయి. నటించకూడదు కాబట్టి కనబడిందే నొక్కాను. రాసి, అంటించి, బయటికొచ్చాను. ఆయన గదిలో ఉన్నంతసేపూ వరండాలో నిలబడ్డాను. ఏ చప్పుడూ లేదు.

నాలుగింటికి మేడం బల్ల ముందు కూర్చున్నాం. విత్తనాలాయన సాక్షి. మేడం నా కవరు తెరిచారు.

"అరవై మూడు."

ఆయన తలెత్తి నా వైపు చూశారు. అది ఆయన లెక్క. మూడేళ్ళ కిందటి ఆయన కన్ను.

మేడం రెండో కవరు తెరిచారు. చదివారు. మళ్ళీ చదివారు. కాగితం తిప్పి వెనక చూశారు.

"ఎనభై తొమ్మిది."

అది నాది.

మా ఆఖరి కవర్ల మధ్య ఇరవై ఆరు తేడా. "ఒకరికొకరు దూరంగా ఉంటే మీ మీ కళ్ళు మీకు వెనక్కి వస్తాయనుకున్నాను కదయ్యా!" అని మేడం తల పట్టుకున్నారు. "ఈవిడ నీలా చూస్తోంది, నువ్వు ఈవిడలా చూస్తున్నావు. మళ్ళీ లెక్కపెడతారా?"

"అక్కర్లేదు మేడం," అన్నారాయన. "నేను కనబడిందే నొక్కాను. ఇక నా కంటికి ఇంతే."

"నాకూ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"కారణం అన్నచోట ఏం రాయాలి నేను?"

విత్తనాలాయన గొంతు సవరించుకుని, "ఇందులో తెలియనిదేముంది మేడం, కిటికీ మీద కాకిక్కూడా తెలుస్తోంది," అన్నాడు. మేడం ఆ మాట రాయలేదు. "పరిశీలకుల దీర్ఘకాల సాన్నిహిత్యం" అని రాసి, మేమిద్దరం ఇక ఎప్పుడూ ఒకే పరిశోధనలో కళ్ళుగా ఉండకూడదని కింద ఇంకో వాక్యం చేర్చి, సంతకాలకు ఇచ్చారు. ఈసారి ఇద్దరం పెట్టాం.

వరండాలో ఆయన అన్నారు, "దాణా విభాగంలో తూకానికి ఒక మనిషి కావాలండీ. ఆ మాట రేపు మీ ఇంటికి వచ్చి అడగొచ్చా?"

"రండి," అన్నాను. అడగడం పూర్తికాకముందే అన్నాను.

ఆగస్టు 25, ఆదివారం

పదింటికి ఆయన వచ్చారు. అత్తయ్యకు ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్నారు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని. నేను టీ తెచ్చి నిలబడ్డాను.

ఆయన, "మీ అనుమతి అడగడానికి వచ్చానండీ," అన్నారు.

అత్తయ్య ఆయన్ని చూడలేదు. కళ్ళు మూసుకుని ఆ గొంతు విన్నారు. వినడం అయిపోయాక కళ్ళు తెరిచారు.

"మీ ఇంట్లో గదులెన్ని?"

"రెండండీ."

"చాలవు. మూడు గదులది చూడండి. నేను గురక పెడతాను."